వరిచేనా, కొబ్బరితోటా?

జొన్నాడ వంటి గ్రామమున చదువు ముగించి సాఫ్ట్‌వేర్ వ్యాపారము పెట్టదలచిన యువకులకు రెండు మార్గములు కలవు. ఇతరులు కోరిన పని చేసియిచ్చి ప్రతిఫలము పొందుట ఒకటి; స్వంతముగా ఒక సాఫ్ట్‌వేర్ నిర్మించి పలువురకు చందాపై ఇచ్చుట రెండవది.

మొదటిది వరిచేను. ఫలితము త్వరగా చేతికందును. కాని ప్రతి పంటకు మరల నాట్లు వేయవలెను. 1991లో హైదరాబాదున స్థాపితమై, 2014లో సైయెంట్ అని పేరు మార్చుకొన్న ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ ఇట్టి సేవలతోనే ఎదిగినది.

రెండవది కొబ్బరితోట. నాటుజాతి చెట్టు కాపునకు ఆరేడేండ్లు పట్టును. పిదప ఏండ్ల తరబడి కాయును. 2015లో అదే నగరమున వెలసిన డార్విన్‌బాక్స్, ఉద్యోగుల హాజరు, జీతముల వంటి వ్యవహారములు నడుపు సాఫ్ట్‌వేర్‌ను పెట్టుబడిదారుల ధనముతో పెంచుకొన్నది.

అట్టి ధనము లేనివారి మాటేమి? కోనసీమ రైతు లేతతోటలో అరటి వేసి ఇల్లు గడుపుకొనును. సేవల రాబడితో స్వంత నిర్మాణమును సాగించుటయు అట్టిదే. అయితే అరటి గెలలకు మురిసి కొబ్బరికి నీరు మానరాదు. వారమున కొన్ని దినములు దానికే కేటాయింపవలెను.

రాబడి లేక ఇల్లు ఎన్ని నెలలు ఓర్వగలదో ముందుగా ఇంటివారితో కూర్చుండి లెక్కించుడని మా మనవి. మార్గమును నిర్ణయించునది ఆ లెక్కయే.