ప్రాసెసరు వేడి: కారణ నిర్ణయము, నివారణ

వేడి పుట్టని పని లోకమున లేదు. నడచిన మనిషికి చెమట పట్టును. తిరిగిన మోటారు వేడెక్కును. లెక్కలు చేసిన ప్రాసెసరును వేడెక్కును. ప్రాసెసరు తీసుకొనిన విద్యుత్తు దాదాపు యావత్తును చివరకు వేడిగానే మారిపోవును. కనుక కంప్యూటరు కాగినప్పుడు మనము వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: పుట్టిన వేడి ఎందుకు బయటకు పోవుట లేదు?

ఈ ప్రశ్న వేసికొనకపోవుట వలన మనవంటి కళాశాలలకు రెండు విధముల నష్టము కలుగును. కొద్ది వందల రూపాయలతో తీరవలసిన లోపమునకు "బోర్డు పోయినది" అని పేరు పెట్టి, మంచి యంత్రమును మూలకు నెట్టుట మొదటి నష్టము. రెండవది అంతకంటె బాధాకరము. మితిమీరి వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. ప్రయోగ పరీక్ష నాడు ఆ యంత్రము ముందు కూర్చున్న విద్యార్థి, ప్రక్కవాని కంటె ఆలస్యముగా ముగించును. మందగించినది యంత్రము, నింద మాత్రము విద్యార్థిది.

మన చోడవరము, దేవరాపల్లి ప్రాంతపు విద్యార్థులకు బెల్లము వండు పెనము తెలియనిది కాదు. పొయ్యిలో చెరకు పిప్పి మంట ఒకే తీరున ఉన్నను, పెనములో రసము పలుచగా ఉన్నంతసేపు వేడి ఆవిరితో పాటు పైకి పోవుచుండును. నీరు ఇగిరి పాకము చిక్కబడినకొలది, అదే మంటకు పెనము అడుగంటును. మంట పెరుగలేదు, వేడిని మోసికొనిపోవునది తగ్గినది. ప్రాసెసరు విషయమును ఇంతే.

ఆ వేడి నడచు దారిని ముందుగా తెలిసికొందము. గోరంత సిలికాను ముక్కలో పుట్టిన వేడి దానిపైనున్న లోహపు మూతకు, అచ్చటినుండి పేస్టు ద్వారా హీట్‌సింకునకు, హీట్‌సింకు రేకులనుండి ఫ్యాను గాలికి, ఆ గాలితో క్యాబినెట్టు వెలుపలకు, తుదకు గదిలోనికి చేరును. ఇందు ఏ మజిలీలో అడ్డు తగిలినను వేడి వెనుకకు పేరుకొనును. మూతకును హీట్‌సింకునకును నడుమ పేస్టు ఎందుకని కొందరు అడుగుదురు. నునుపుగా కనబడు లోహపు పలకల మీద కంటికానని గుంటలు ఉండును. వాటిలో గాలి నిలుచును. రాగి, గాలి కంటె సుమారు 15,000 రెట్లు బాగుగా వేడిని ప్రసరింపజేయును. ఆ గాలిని తొలగించి సందులను పూడ్చుటయే పేస్టు చేయు పని. అది ఎండి పిడచగట్టినచో, ఎంత పెద్ద హీట్‌సింకు ఉన్నను ఫలము తగ్గును.

ఈ సమస్య కంప్యూటరుతో పాటు పెరిగినదే. 1978లో వెలువడిన ఇంటెల్ 8086 ప్రాసెసరులో సుమారు 29,000 ట్రాన్సిస్టర్లు ఉండెడివి. దానికి హీట్‌సింకు అవసరము లేకపోయినది. 1993లో పెంటియమ్ వచ్చునాటికి ఫ్యాను తోడు కావలసి వచ్చినది. ఒకే ప్రాసెసరును మరింత వేగముగా పరుగెత్తించుట ఒక హద్దు దాటి సాధ్యము కాదని తేలిన పిమ్మట, 2004లో ఇంటెల్ సంస్థ 'తేజాస్' అను తన ప్రణాళికనే విరమించుకొని, ఒకే చిప్పులో పలు కోరులను అమర్చు మార్గమునకు మరలినది. ఆ నిర్ణయమునకు ముఖ్య కారణము విద్యుత్ వ్యయము, దానివలన పుట్టు వేడియే.

ఇక పరీక్షా విధానము. ఇందు మొదటి సాధనము గోడకు తగిలించు మామూలు ఉష్ణమాపకము. గాలితో చల్లబరచు ప్రాసెసరు గది కంటె చల్లగా ఉండజాలదు. గది వేడెక్కినంత మేర సుమారుగా తానును వేడెక్కును. కనుక ప్రాసెసరు ఉష్ణోగ్రతనుండి గది ఉష్ణోగ్రతను తీసివేసి, ఆ భేదమును చూడవలెను. ఉదాహరణకు, జనవరిలో గది 22 డిగ్రీలు, ఒక పని చేయునప్పుడు ప్రాసెసరు 62 డిగ్రీలు ఉన్నవనుకొందము. భేదము 40. మే నెలలో గది 38, అదే పనికి ప్రాసెసరు 78 అయినచో భేదము అదే 40. యంత్రము ఆరోగ్యముగనే ఉన్నది. మే నెలలో 95 చూపినచో భేదము 57, దోషమున్నది. సంఖ్యను మాత్రమే చూచి భయపడువాడు మొదటి యంత్రమును కూడ విప్పును.

ప్రాసెసరు వేడిని చూపుటకు కోర్ టెంప్, హెచ్.డబ్ల్యు. మానిటర్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నవి. యంత్రమును తెరచి పది నిమిషములు ఊరకుంచి ఒకసారి, బరువైన పని ఇచ్చి పదునైదు నిమిషములు నడిపి ఒకసారి వ్రాసికొనవలెను. బయాస్ తెరలో కనబడు అంకెను విశ్రాంతి ఉష్ణోగ్రతగా ఎంచరాదు. అచ్చట విద్యుత్ పొదుపు ఏర్పాట్లు పూర్తిగా పనిచేయవు గనుక అది తరచు ఎక్కువగా ఉండును.

వేడి ఎంత అన్నదాని కంటె, ఎట్లు పెరిగినది అన్నది కారణమును ఎక్కువగా పట్టియిచ్చును.

మొదటి తీరు: పని ఇచ్చిన కొద్ది క్షణములలోనే 95, 100 డిగ్రీలకు ఎగయుట. హీట్‌సింకు వేడెక్కుటకైనను వ్యవధి లేదు. అనగా వేడి దానికి చేరుటయే లేదు. పేస్టు ఎండినదో, హీట్‌సింకు కాలు ఒకటి ఊడినదో అయి ఉండును.

రెండవ తీరు: పది, ఇరువది నిమిషములలో మెల్లగా పెరుగుట. ఇది గాలి ఆడకపోవుటకు గుర్తు. క్యాబినెట్టు ప్రక్క రేకును తీసి మరల నడిపి చూడవలెను. అయిదారు డిగ్రీలకు మించి తగ్గినచో దోషము క్యాబినెట్టు గాలి దారిలో ఉన్నది. తగ్గనిచో హీట్‌సింకు రేకులలోని దుమ్మును, ఫ్యానును చూడవలెను.

మూడవ తీరు: ఏ పనియు చేయకున్నను వేడి ఎక్కువగా ఉండుట. టాస్క్ మేనేజరును తెరచి చూచినచో, మనకు తెలియకుండ నడచుచున్న ప్రోగ్రాము ఏదో కనబడవచ్చును. అప్పుడు విప్పవలసినది క్యాబినెట్టు కాదు.

నాలుగవ తీరు: విశ్రాంతిలో అంకె పది, పదునైదు డిగ్రీలు ఎగసి వెంటనే దిగుట. దీనికి కంగారు పడనక్కరలేదు. నేటి ప్రాసెసర్లు చిన్న పనికి కూడ క్షణకాలము వేగము పెంచుకొనును. 2022లో వచ్చిన కోర్ ఐ5-12400 ప్రాసెసరునకు మూల విద్యుత్ పరిమితి 65 వాట్లు కాగా, వేగము పెంచుకొనునప్పుడు 117 వాట్ల వరకు తీసుకొనగలదు. అంత చిన్న ముక్కపై అంత మార్పు కలిగినప్పుడు అంకె గంతులు వేయక మానదు.

అయిదవ తీరు: పనిలో ఉండగా 95, 100 డిగ్రీల దగ్గర ఊగిసలాడుచు వేగము పడిపోవుట, లేదా యంత్రము హఠాత్తుగా ఆగిపోవుట. బరువైన పని ఇచ్చిన ప్రతిసారియు కొద్ది నిమిషములకు ఆగినచో వేడిని అనుమానింపవలెను. వేళాపాళా లేక ఆగినచో విద్యుత్ సరఫరాను పరీక్షింపవలెను. అయితే ఎ.ఎమ్.డి. వారి రైజెన్ 7000 శ్రేణి వంటివి పూర్తి బరువులో 95 డిగ్రీల వరకు నడచుటకే నిర్మింపబడినవి. కావున ఆయా ప్రాసెసరు హద్దును తెలిసికొనియే తీర్పు చెప్పవలెను.

కారణము తెలిసిన పిమ్మట చికిత్స సులభము. ముందుగా యంత్రమును ఆపి, తీగను ఊడబెరికి, పవరు మీటను ఒకసారి నొక్కవలెను. దుమ్మును గది వెలుపల బ్లోయరుతో ఊదవలెను. ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో ఆపి పట్టుకొనవలెను, లేనిచో మితిమీరిన వేగముతో తిరిగి చెడిపోవచ్చును. తడిగుడ్డ పనికిరాదు. హీట్‌సింకును తీయుటకు ముందు యంత్రమును కొద్ది నిమిషములు నడిపి, తీగ ఊడదీసిన తరువాత మెల్లగా అటునిటు త్రిప్పుచు తీయవలెను. ఎండిన పేస్టు పట్టుకొని కొన్ని రకములలో ప్రాసెసరే ఊడి వచ్చు ప్రమాదమున్నది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, నడుమ బఠాణీ గింజంత క్రొత్త పేస్టు ఉంచిన చాలును. హెచ్చుగా పూసినచో మేలు కలుగదు. హీట్‌సింకు నాలుగు కాళ్లను ఎదురెదురు మూలల వరుసలో బిగింపవలెను. ఫ్యాను తీగను మరల తగిలించుట మరువరాదు.

క్యాబినెట్టును గోడకు ఆనించుట, బల్ల అరలో మూసి పెట్టుట, దుమ్ము లేచు నేలపై ఉంచుట మానవలెను. ముందునుండి చల్లని గాలి లోనికి, వెనుకనుండి వేడిగాలి వెలుపలకు పోవుటకు జానెడు చోటు కావలెను.

విద్యార్థి మిత్రులకును, కళాశాల కమిటీ పెద్దలకును ఒక మనవి. ప్రయోగశాలలో ఒక నోటు పుస్తకము, ఒక ఉష్ణమాపకము ఉంచుదము. నెలకొకసారి ప్రతి యంత్రమునకు గది వేడి, విశ్రాంతి వేడి, పని వేడి అను మూడు అంకెలను విద్యార్థులే వ్రాయవలెను. భేదము క్రిందటి నెల కంటె పెరిగిన యంత్రము తన వ్యాధిని తానే చెప్పుకొనును. ఆ పుటలు చూచిన పిదపనే ఏ యంత్రమునైనను పనికిరానిదని కమిటీ వారు తీర్మానింతురు గాక. ఏ విద్యార్థినైనను మందమతి అని అనబోవు అధ్యాపకుడును ఒక్కసారి ఆ పుస్తకము తిరుగవేయును గాక.