బ్రేకు దీపం వెలిగిందా? ఆయిల్ పోసి ఊరుకోవద్దు!

గంగవరం: కారు చదునైన రోడ్డుపై వెళుతున్నంతసేపూ డ్యాష్‌బోర్డుపై ఏ హెచ్చరికా ఉండదు. మొగిలి ఘాట్‌లో వాలు మొదలై, మలుపులో బ్రేకు తొక్కగానే ఎర్రదీపం మినుకుమంటుంది. బంగారుపాళ్యం దాటి రోడ్డు చదును కాగానే ఆరిపోతుంది. చాలామంది యజమానులు దీన్ని వైరు లోపంగా భావించి వదిలేస్తున్నారు. కొందరు మెకానిక్ వద్ద కాస్త బ్రేకు ఆయిల్ పోయించుకుని దారిన పడుతున్నారు. పాత కార్లకు ఈ రెండూ ప్రమాదకరమే.

పలమనేరు సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంది. చిత్తూరు ఎత్తు అందులో దాదాపు సగమే. అందువల్ల గంగవరం, పలమనేరు ప్రాంతాల వారు ఆసుపత్రి పనిమీద చిత్తూరు వెళ్లినా, కాణిపాకం వెళ్లినా కొండ దిగక తప్పదు. తిరుమల దర్శనం చేసుకుని తిరిగి వచ్చేవారికి 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు దిగువ ప్రయాణమూ అదనం. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్న దుర్ఘటన పలువురిని బలిగొంది. ఈ దారిలో వాహనం అదుపులో లేకపోతే ఎదుటివారికీ తప్పించుకునే చోటు ఉండదు.

దీపం ఎందుకు వెలుగుతుంది?

హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించకపోయినా ఈ దీపమే వెలుగుతుంది. కాబట్టి ముందుగా దాన్ని చూడాలి. లీవరు పూర్తిగా దిగినా దీపం ఆరకపోతే బానెట్ తెరవాల్సిందే. మాస్టర్ సిలిండర్‌పై అమర్చిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆయిల్‌పై తేలే బిళ్ల ఉంటుంది. మట్టం తగ్గితే అది కిందికి జారి స్విచ్చిని కలుపుతుంది. మట్టం సరిగ్గా అంచున ఉన్నప్పుడు వాలులోనో, మలుపులోనో ఆయిల్ ఒక పక్కకు ఒరగడంతో దీపం వెలిగి ఆరుతుంది. ఘాట్‌లో మాత్రమే కనిపించే మినుకు అంటే ఆయిల్ తగ్గుతోందనడానికి తొలి సూచన.

అసలు దీపమే వెలగని కార్లూ ఉన్నాయి. తాళం తిప్పగానే, లేదా హ్యాండ్ బ్రేకు లాగగానే అది వెలగాలి. వెలగకపోతే బల్బు మాడిపోయి ఉండవచ్చు, ఎవరో తీసేసి ఉండవచ్చు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు ఇది చూసుకున్నాకే ధర మాట్లాడటం మేలు. ఏబీఎస్ ఉన్న కార్లలో దానికి వేరే దీపం ఉంటుంది. రెండూ కలిసి వెలిగితే బండిని కదపకుండా మెకానిక్‌నే రప్పించాలి.

ఆయిల్ ఎటు పోతోంది?

బ్రేకు ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అయితే ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. అందువల్ల నెలల తరబడి మట్టం కొద్దికొద్దిగా దిగితే ప్యాడ్లు చూసుకోవాలి. అప్పుడు ఆయిల్ పోసి నింపితే, కొత్త ప్యాడ్లు వేసిననాడు అదంతా పొంగి బయటికి వస్తుంది. రంగుపై పడితే పెయింటు ఊడుతుంది. వెంటనే నీటితో కడగాలి.

రోజుల్లోనే మట్టం దిగిందంటే కచ్చితంగా లీకే. చదునైన చోట బండి ఆపి, డబ్బాపై మట్టం వద్ద పెన్నుతో గీత పెట్టుకోవాలి. రాత్రి బండి కింద పాత అట్టపెట్టెలు పరిస్తే తెల్లారేసరికి మరక ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఏసీ నుంచి కారేది వట్టి నీరే. ఇంజిన్ ఆయిల్ నీటిలో వేస్తే పైన తేలుతుంది, బ్రేకు ఆయిల్ కలిసిపోతుంది.

పాత కార్లలో ఎక్కువగా అనుమానించాల్సినవి వెనుక డ్రమ్ముల్లోని వీల్ సిలిండర్లు. రబ్బరు సీళ్లు పాడై కారిన ఆయిల్ మొదట డ్రమ్ములోనే చేరుతుంది. టైరు లోపలి వైపు తడి కనిపించేసరికి బ్రేకు షూలు నానిపోయి ఉంటాయి. హ్యాండ్ బ్రేకు కేబుల్‌తో పనిచేస్తుంది కదా, అది ఉందిలే అనుకోవడానికి వీల్లేదు. చాలా కార్లలో అది లాగేది కూడా ఆ నానిన షూలనే. వాటిని తుడిచి మళ్లీ వేయించుకోవడం తగదు, మార్చాల్సిందే. ముందు చక్రాల వద్ద కాలిపర్ సీళ్లు, పగుళ్లిచ్చిన రబ్బరు హోస్ పైపులు, కారు అడుగున తుప్పు పట్టిన ఇనుప పైపులు తర్వాత చూడాల్సినవి.

బయట ఎక్కడా తడి లేదు, మట్టం మాత్రం దిగుతోంది. ఇదే మెకానిక్‌లను సైతం తికమకపెట్టే లోపం. మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పోతే ఆయిల్ పక్కనున్న బూస్టర్‌లోకి జారుతుంది. నేలపై చుక్క పడదు. సిలిండర్‌ను విప్పి చూస్తేనే తెలుస్తుంది. కొన్ని మోడళ్లలో క్లచ్‌కూ ఇదే డబ్బా నుంచి ఆయిల్ వెళుతుంది. అలాంటప్పుడు క్లచ్ సిలిండర్ లీకైనా వెలిగేది బ్రేకు దీపమే. ఇక మట్టం తగ్గకుండానే, తొక్కిపట్టిన పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు అరిగినట్టే.

పేరు ఆయిల్, గుణం వేరు

అందరూ ఆయిల్ అంటున్నా ఇది నూనె కాదు. ఇంజిన్ ఆయిలో, మరో నూనో పోస్తే సీళ్లన్నీ ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. మూతపై డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే వాడాలి. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 మరిగేందుకు కనీసం 205 డిగ్రీల వేడి కావాలి. తేమ చేరాక ఆ కనీస ప్రమాణం 140 డిగ్రీలే. ఘాట్‌లో అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడికి ఆయిల్ ఆవిరై పెడల్ మెత్తబడి దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్పించమని సాధారణంగా చెప్పేది ఇందుకే. తెరిచి వదిలేసిన డబ్బాలోని ఆయిల్ చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

దిగేటప్పుడు వెలిగితే

పెట్రోలు మిగులుతుందని వాలులో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. ఇంజిన్ ఆగితే బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లతో సరి. ఆపై పెడల్ రాయిలా బిగుస్తుంది. ఎర్రదీపం వెలిగితే ఇంజిన్ ఆపకుండా ఒక్కొక్క గేరు తగ్గించుకుంటూ రావాలి. పెడల్ మెత్తగా ఉంటే వెంటవెంటనే తొక్కి వదలాలి. హ్యాండ్ బ్రేకును ఒక్కసారిగా కాక మెల్లగా లాగుతూ, లోయ వైపు కాకుండా కొండ వైపు ఆపాలి. బ్రేకు వ్యవస్థను రెండు భాగాలుగా విడదీసిన కార్లలో ఒకటి పోయినా రెండోది కొంతమేర ఆపుతుంది. ఆ ధీమాతో కిందిదాకా వెళ్లరాదు.

మరమ్మతు వేళ ఒక జాగ్రత్త. గాలి తీసేటప్పుడు పాత కారు పెడల్‌ను నేలకు ఆనేలా తొక్కితే, మాస్టర్ సిలిండర్‌లో ఏళ్లుగా వాడకం లేని గరుకు భాగంపై సీళ్లు రాసుకుని చిరుగుతాయి. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టమని చెప్పండి. పని పూర్తయ్యాక డబ్బాపై కొత్త గీత గీసి, పలమనేరు పరిసరాల్లోని చదును రోడ్లపైనే నాలుగైదు రోజులు తిప్పి చూడాలి. మట్టం ఆ గీత వద్దే నిలిచాక ఘాట్ దిగవచ్చు.