ఆయిల్ బలమా, చక్రం పోటా?

డిసెంబరు వచ్చిందంటే అరకులో కట్టెలకు గిరాకీ. రిసార్టుల ముందు చలిమంటలు, ఘాట్ రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చే నిప్పులు, ఊళ్లలో తెల్లారకముందే రాజుకునే పొయ్యిలు. మొద్దును మొద్దులాగే పెడితే పొగ తప్ప మంట రాదు. పేళ్లు చేస్తేనే లోపలి తడి ఆరుతుంది. ఆ పని ఇప్పటికీ ఎక్కువగా గొడ్డలిదే, మామూలు రోజుల్లో గొడ్డలి చాలు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి మన్యం మీద పడ్డప్పుడు మాత్రం, కాఫీ తోటల్లో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు మిరియాల పాదులతో సహా కూలిపోయాయి. అంత కలప ఒక్కసారిగా నేలమీద పడితే ఎన్ని గొడ్డళ్లు ఆనతాయి? యంత్రం గుర్తొచ్చేది అప్పుడే.

యంత్రమనగానే కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని టన్నులు?" నన్నడిగితే అడగకూడని ప్రశ్న అదే.

టన్నుల మాట హైడ్రాలిక్ యంత్రాలతో వచ్చింది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రంతో ప్రెస్సు తయారుచేసి 1795లో పేటెంటు తీసుకున్నవాడు ఇంగ్లండులో తాళాలు చేసిన జోసెఫ్ బ్రామా. కట్టెలు చీల్చే హైడ్రాలిక్ యంత్రానిది ఆ వంశమే. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ మీద చదరపు సెంటీమీటరుకు 200 కిలోల ఒత్తిడి పెడితే 15.7 టన్నుల తోపు పుడుతుంది. వినడానికి ఘనమే. మరి 5 హార్స్‌పవర్ ఇంజను అంత బలంతో ఎంత వేగంగా తోయగలదు? పంపులో, పైపుల్లో వృథా అయ్యేది మూడో వంతుకు పైనే అనుకుంటే, సెకనుకు ఒకటిన్నర సెంటీమీటరు! అర మీటరు మొద్దును చివరిదాకా అలా తోయాలంటే అర నిమిషం దాటుతుంది. అందుకే పంపుకు రెండు అంచెలు పెడతారు. మొద్దు తగిలేదాకా తక్కువ ఒత్తిడితో గబగబా, తగిలాక ఎక్కువ ఒత్తిడితో నింపాదిగా. అయినా ముందుకెళ్లి వెనక్కొచ్చేసరికి పది పదిహేను సెకన్లు పడుతుంది.

ఇప్పుడు గొడ్డలి సంగతి చూడండి. మొద్దు మీద ఆనించి ఎంత నొక్కినా గాటు కూడా సరిగా పడదు. ఎత్తి వేస్తే రెండు ముక్కలు. వేగంలో నిలవ ఉన్న శక్తి రవ్వంత దూరంలో ఖర్చయిపోవడమే అందులోని కిటుకు. పోగు వెంట ఒకసారి నెర్రె పడిందా, అది గొడ్డలి కంటే ముందు పరిగెడుతుంది. మిగతా దూరం తోయాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

కట్టెలు చీల్చే రెండో రకం, చక్రాల యంత్రం, పట్టుకున్నది ఈ కిటుకునే. కుమ్మరి సారె ఎందుకంత బరువుగా ఉంటుంది? కర్రతో తిప్పి వదిలిన ఊపు కుండ పైకి లేచేదాకా నిలవడానికి. జేమ్స్ వాట్ ఆవిరి ఇంజనుకూ, మైదానంలో చెరకు గానుగలు ఆడించిన పాత ఆయిలింజన్లకూ ఫ్లైవీలు అనే బరువు చక్రం చేసిపెట్టిందీ ఇదే. 35 కిలోల నిండు చక్రాలు రెండు, వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు, నిమిషానికి 300 చుట్లు అనుకుందాం. వాటిలో దాదాపు 690 జౌళ్ల శక్తి ఉంటుంది. చుట్లు రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఆ 690 జౌళ్లూ సెంటీమీటరు దూరంలో ఖర్చయితే సగటు పోటు ఏడు టన్నులు, అర సెంటీమీటరులోనే అయిపోతే పద్నాలుగు. మొద్దు ఎంత మొండికేస్తే పోటు అంత! ఇక ఇన్ని టన్నులని బోర్డు మీద ఏం రాస్తారు? ఖర్చయిన శక్తిని అదే 5 హార్స్‌పవర్ ఇంజను సెకను లోపే మళ్లీ నింపేస్తుంది.

నిర్మాణం మరీ గొప్పదేం కాదు. చక్రాల ఇరుసుకు చిన్న పళ్ల చక్రం ఉంటుంది. మొద్దును చీల మీదికి నెట్టే దిమ్మకు పొడవాటి పళ్ల కమ్మీ ఉంటుంది. లీవరు వేస్తే కమ్మీ దిగి పళ్లలో పళ్లు పడతాయి, దిమ్మ ఠపీమని దూసుకుపోతుంది. చివరికి చేరగానే కమ్మీ పైకి లేస్తుంది, స్ప్రింగు దిమ్మను వెనక్కి లాగేస్తుంది. మొత్తం రెండు మూడు సెకన్ల పని. 1973 చమురు సంక్షోభంతో అమెరికాలో చాలా ఇళ్లు మళ్లీ కట్టెల పొయ్యి వైపు తిరిగాయి. 'సూపర్ స్ప్లిట్' పేరుతో ఈ రకం యంత్రం అక్కడ బయటికొచ్చింది ఆ దశకంలోనే.

అరకుకు ఏది? నిటారుగా పెరిగే సిల్వర్ ఓక్ బోదెలైతే నా ఓటు చక్రానికే. చింత మొద్దైతే మాట మారుస్తాను. మాంసం కొట్లలో కత్తిదెబ్బలు తినేది చింత మొద్దే కదా. పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి కాబట్టి అది అంత తేలిగ్గా పగలదు. అలాంటిచోట చక్రాల ఊపు ఒక్క పోటుతో అయిపోతుంది, దిమ్మ మధ్యలో ఇరుక్కుంటుంది, సమ్మెటతో కొట్టి విడిపించుకోవాలి. హైడ్రాలిక్ మాత్రం కిర్రుమంటూనే ముడిని తెంచుకుంటూ పోతుంది. చలి ఉదయాల్లో దాని ఆయిల్ చిక్కబడి కాసేపు బద్ధకిస్తుంది, నిజమే. రిపేరు సంగతికొస్తే, చక్రాల యంత్రంలో పాడయ్యేవి బెల్టు, బేరింగు, స్ప్రింగు. పిండిమర నడిపేవాళ్లకు ఇవేం కొత్త కాదు. హైడ్రాలిక్ పైపు పగిలితే గతి లేదనడం కూడా అన్యాయమే. జేసీబీలు తిరిగే ప్రతిచోటా ఆ పనివాళ్లు తయారయ్యారు.

సిల్వర్ ఓక్‌కైనా చక్రం కొనకుండా నన్ను వెనక్కి లాగేది ఒకే ఒక్క సంగతి. హైడ్రాలిక్‌లో లీవరు వదిలితే చీల ఉన్నచోటే ఆగుతుంది. చక్రాల యంత్రంలో దిమ్మ బయల్దేరాక "ఆగు" అనేలోపే పని అయిపోతుంది. ఒకరు మొద్దు పెడుతుంటే ఇంకొకరు లీవరు వేయడం, మన పనుల్లో మామూలే, ఇక్కడ వేళ్లు పోగొట్టే అలవాటు. రెండు పనులూ ఒక్కరే చెయ్యాలి. రెండోవాళ్లు పేళ్లు ఏరి పేర్చుకుంటే చాలు.