పాత కారు, కొత్త నిప్పురవ్వ

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం చిలకలూరిపేట దాటి ఒంగోలు దారిన పోయే అంబాసిడర్ కారు రెండుమూడు దగ్గులు దగ్గి, చెట్టునీడ చేరకముందే ఆగిపోవడం ఒకప్పుడు ఈ సీమలో ఎవరికీ వింత గొలిపే దృశ్యం కాదు. డ్రైవరు దిగి, భుజంమీది తువ్వాలుతో చేయి కాలకుండా బానెట్ ఎత్తి, ఇంజను ప్రక్కన అయిదు తీగెలు మొలిచిన నల్లని మూత ఒకదానిని విప్పేవాడు. అందులో ఒకదానికొకటి తగిలీ తగలనట్లుండే రెండు చిన్న లోహపు బిళ్లలను గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజి లేకపోతే దళసరి శుభలేఖ ముక్క ఒకటి నడుమ పెట్టి ఎడం సరిచూచి, మూత బిగించేవాడు. కారు కదిలేది. లోపల కూర్చున్న పెళ్లివారికి గాని, పత్తిబేరం మీద పోతున్న షావుకారుకు గాని అతడు బాగుచేసినదేమిటో తెలిసేది కాదు.

మెకానిక్కులు ఆ బిళ్లలను ‘పాయింట్లు’ అంటారు. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ నిలిచిపోయింది. పోగా మిగిలిన పాతబండ్లను ప్రీతితో కాపాడుకొనేవారి ముందు నేడొక ప్రశ్న ఉన్నది. ఆ పాయింట్లను తీసివేసి, వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చవచ్చునా? అమర్చితే అది వైద్యమా, అవయవ ఛేదమా?

దీనికి సమాధానం చెప్పాలంటే ముందు ఆ నల్లమూత క్రింద జరిగే పని తెలియాలి. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి సిలిండరులో నొక్కుడుపడిన క్షణాన దానికొక నిప్పురవ్వ కావాలి. బ్యాటరీలో ఉన్నది పన్నెండు వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొనల మధ్యనున్న సందును దూకడానికి వేల వోల్టులు కావలె. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుత్ప్రేరణ సూత్రమే ఇక్కడ అక్కరకు వచ్చింది. కాయిల్ అనే డబ్బాలో రెండు తీగచుట్లు ఉంటాయి. లావుపాటి తీగచుట్టలో కరెంటు పారుతుండగా దానిని హఠాత్తుగా తెంచివేస్తే, అందలి అయస్కాంత క్షేత్రం కుప్పకూలి, వేల చుట్లు గల సన్నతీగలో పది పదిహేను వేల వోల్టులు పుడతాయి. విద్యార్థులు గమనింపదగిన విశేషమిదే: నిప్పురవ్వ పుట్టేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, తెంచినప్పుడు. ఆ తెంపే పనివారే పాయింట్లు. తెంపేటప్పుడు బిళ్లల నడుమ మెరుపు లేచి అవి కాలిపోకుండా కాపాడేది ప్రక్కనున్న కండెన్సరు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1910 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశించిన ఈ ఏర్పాటు, దాదాపు మార్పు లేకుండా అర్ధశతాబ్దికి మించి లోకమంతటా రాజ్యమేలింది.

లెక్క వేసి చూస్తే ఆ బిళ్లల కష్టం బోధపడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కొక్క చుట్టుకు రెండు రవ్వలు కోరుతుంది. నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే ఆరువేల రవ్వలు, సెకనుకు నూరు. ఒక్క గంట ప్రయాణానికి 3,60,000 సార్లు ఆ బిళ్లలు కలిసి విడిపోవాలి. వాటి మధ్య ఉండవలసిన ఎడమో, అంగుళంలో వేయింట పదునైదు భాగాలు! బిళ్లను నెట్టే మడమ అరిగినకొద్దీ ఆ ఎడం తగ్గుతుంది. తగ్గినకొద్దీ రవ్వ ఆలస్యంగా పుడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఎక్కుడులో నీరసిస్తుంది. యజమాని ఇంధనాన్ని నిందిస్తాడు.

దీనికి తోడు మన నేల, మన ఎండ. రెంటచింతల పేరు వింటేనే చెమటపట్టే ప్రాంతమిది. వేడికి చెడి, చల్లారిన తరువాత ఏమీ ఎరుగనట్లు మళ్లీ పనిచేసే కండెన్సరు ఎందరు మెకానిక్కుల ప్రతిష్ఠను బలిగొన్నదో! నల్లరేగడి దుమ్ము మూతసందుల్లో దూరి బిళ్లలకు పట్టడం మరొక బాధ. (గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసుకొచ్చే లారీలకు ఈ చింత లేదు. డీజిల్ ఇంజనులో గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకొంటుంది. రవ్వతో దానికి పని లేదు.)

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత, కదిలే భాగం లేకుండానే కరెంటును తెంపవచ్చునని తేలింది. 1963లో అమెరికాలో పాంటియాక్ కార్లకు కోరినవారికి ట్రాన్సిస్టరు ఇగ్నిషన్ ఇచ్చారు. 1973 నాటికి క్రైస్లర్ సంస్థ తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ పద్ధతినే పెట్టింది. నేడు పాతకార్లకు అమర్చే పరికరం బొటనవ్రేలంత ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు ఇరుసుకు అయస్కాంతాలు పొదిగిన ఉంగరమొకటి తొడుగుతారు. పాయింట్లు ఉన్నచోట ఒక చిన్న గ్రాహకం కూర్చుంటుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడల్లా అది పసిగడుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి కనుగొన్న ధర్మం ఆధారంగా పనిచేసేవి వీటిలో ఎక్కువ. ఒకదానికొకటి తగిలే భాగం లేదు గనుక అరుగుదల లేదు. అరుగుదల లేదు గనుక వేళ తప్పదు. మూత తిరిగి పెట్టితే బయటికి ఏ తేడా కానరాదు.

అయితే ఈ కొత్త కాపురానికి కొన్ని నియమాలున్నాయి. పూర్వపు బ్రిటిష్ పద్ధతి కార్లలో కొన్నిటికి బ్యాటరీ ధనధ్రువాన్ని బాడీకి కలిపేవారు. ఆ సంగతి చూడక ఋణధ్రువపు పరికరం తగిలిస్తే తాళంచెవి త్రిప్పిన క్షణంలోనే అది కాలిపోవచ్చును. కాయిల్ నిరోధం మూడు ఓములున్నచోట నాలుగు ఆంపియర్లు పారితే, ఒకటిన్నర ఓములున్నచోట ఎనిమిది పారుతాయి. ఆ భారం మోయలేని పరికరాలున్నాయి. ఇంజను ఆపి తాళంచెవి మాత్రం అలాగే వదలివేయడం అన్నిటికన్నా పెద్ద అపచారం. బ్యాటరీ నీరసించినప్పుడు పాయింట్లు ఎలాగో ఒక రవ్వ నిస్తాయి. చాలా ఎలక్ట్రానిక్ పరికరాలు మౌనం వహిస్తాయి.

అసలు చిక్కు మరొకటి. పాయింట్లు చెడినప్పుడు ముందుగా దగ్గుతాయి, మూలుగుతాయి. కంటికి కనబడే జబ్బు, చేతికి అందే మందు. ఎలక్ట్రానిక్ పరికరం తరచుగా చెప్పాపెట్టకుండా ఒక్కసారిగా పోతుంది. మార్టూరు దగ్గర దారిప్రక్కన నిలిచిన డ్రైవరుకు అప్పుడు గరుకు కాగితమూ ఉపయోగపడదు, శుభలేఖా ఉపయోగపడదు. చెవితో విని, ముక్కుతో వాసన చూచి రోగం చెప్పగల ముసలి మెకానిక్కు విద్య అక్కడ నిరాధారమవుతుంది. ఆటోనగర్లలో ఆ విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారు కనుకనే కొత్త పరికరం కావలసి వస్తున్నదనేదీ నిజమే.

చట్టం మాటా ఉన్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి యాభై ఏండ్లు దాటిన వాహనం వింటేజ్ వాహనం. దానికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇస్తారు. కాని అది తన మూలరూపంలో ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో మార్పుతో కూడిన పెద్ద మరమ్మతు జరిగి ఉండరాదు. మూతక్రింది చిన్న పరికరాన్ని ఇంజను మార్పు అని ఎవరూ గట్టిగా అనలేకపోవచ్చు. అయినా డిస్ట్రిబ్యూటరునే పీకివేసి వేరొకటి బిగించడం, రంధ్రాలు తొలవడం, పాత తీగెలు కోయడం వివేకం కాదు. పాతదానిని పోగొట్టకుండా కొత్తది పెట్టడమే సరియైన అమరిక. రెండు మరలు విప్పితే బండి తన పుట్టుకకు మరలగలగాలి.

తెలిసిన యజమానులు చేసే పని ఇదే. కొత్త పరికరం అమర్చిన తరువాత టైమింగు లైటుతో వేళ సరిచూస్తారు. విప్పిన బేస్ ప్లేటును ఉన్నదున్నట్లు, పాయింట్లూ కండెన్సరూ దానిమీదనే ఉంచి, ఎడం ముందే సరిచేసి, నూనెగుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెడతారు. దానితోబాటు ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజి.