బొగ్గు పొరల వయస్సు – బైబిలులోని సంవత్సరాలు

జ్యోతినగర్, గోదావరిఖని ప్రాంతాల సంఘాలలోని పిల్లలు తరచుగా అడిగే ఒక ప్రశ్నను ఈ పాఠంలో ధ్యానిద్దాము. బడిలో, మన కాళ్ల క్రింది బొగ్గుకు 25 కోట్ల సంవత్సరాల పైబడిన వయస్సని చెబుతారు. ఆదివారపు బడిలో, భూమి పుట్టి 6 వేల సంవత్సరాలే అని కొందరు చెబుతారు. "అయ్యగారూ, ఏది నిజం?" అని పిల్లవాడు అడిగితే, "అలా అడగకూడదు" అని నోరు మూయిస్తున్నాము. నోరు మూసుకున్న ఆ బిడ్డ, కాలేజీకి వెళ్లిన తరువాత మందిరానికి రావడం మానేస్తే ఆ బాధ్యత ఎవరిది? ఆలోచించండి.

1. 6 వేల సంవత్సరాలు అనే లెక్క ఎక్కడిది?

బైబిలు మొదటి పుట నుండి చివరి పుట వరకు వెదకండి. సృష్టి జరిగి ఇన్ని సంవత్సరాలు అని ఎక్కడా వ్రాయబడలేదు. ఐర్లాండు దేశపు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో ప్రచురించిన గ్రంథంలో, వంశావళులలోని వయస్సులను కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని లెక్క కట్టారు. 1701 నుండి ఇంగ్లీషు బైబిళ్ల అంచులలో ఆ సంవత్సరాలను ముద్రించారు. అంచులో ఉన్నది క్రమంగా వాక్యమే అన్నట్లు జనం మనస్సులో నిలిచిపోయింది. ఆయన గొప్ప పండితుడే. అయితే ఆ లెక్క ఆయనది, మోషేది కాదు.

పైగా వంశావళులు ప్రతి తరాన్నీ చెప్పవు. మత్తయి 1:8 చూడండి. యెహోరాము ఉజ్జియాను కనెనని ఉంది. 1 దినవృత్తాంతములు 3:11, 12 వచనాలు చూస్తే ఆ ఇద్దరి మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులున్నారు. మత్తయి పొరబడలేదు. పదునాలుగేసి తరముల చొప్పున అమర్చి, క్రీస్తు దావీదు కుమారుడని చూపడమే ఆయన ఉద్దేశ్యం. మన ఇళ్లలోనూ "మేము ఫలానా తాతగారి సంతతి" అంటాము గాని, మధ్యలోని పేర్లన్నీ చెప్పము గదా!

2. చరిత్రతో సరిపోయిన చోటు

అలాగైతే బైబిలులోని సంవత్సరాలు నమ్మదగినవి కావా? ఎంతమాత్రము అలా అనుకోవద్దు. రాజుల కాలానికి వచ్చేసరికి లెక్క ఎంత గట్టిగా నిలుస్తుందో గమనించండి.

అష్షూరు వారు ప్రతి సంవత్సరానికి ఒక అధికారి పేరు పెట్టి పట్టిక వ్రాసుకున్నారు. అందులో ఒక సంవత్సరం ఎదుట సూర్యగ్రహణం నమోదై ఉంది. అది క్రీ.పూ. 763 జూన్ 15న పట్టిన గ్రహణమని ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కించారు. అక్కడ నుండి వెనుకకు లెక్కిస్తే, అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు కర్కరు యుద్ధం క్రీ.పూ. 853లో వస్తుంది. ఆయన శిలాశాసనంలో శత్రువుల వరుసలో ఇశ్రాయేలు రాజైన అహాబు పేరున్నది. క్రీ.పూ. 841లో యెహూ కప్పము చెల్లించినట్లు కూడ ఆయన శాసనాలలో ఉన్నది. మధ్య వ్యవధి 12 సంవత్సరాలు.

బైబిలులో అహాబు తరువాత అహజ్యా 2 సంవత్సరాలు, యెహోరాము 12 సంవత్సరాలు ఏలారు. కూడితే 14. రెండు ఎక్కువ! విమర్శకులు తప్పు పట్టింది ఇటువంటి చోట్లనే. ఎడ్విన్ థీలే అనే పండితుడు 1951లో ప్రచురించిన గ్రంథంలో చిక్కు విప్పారు. సంవత్సరం మధ్యలో రాజు చనిపోతే, ఆ సంవత్సరాన్ని చనిపోయినవాని లెక్కలోను, క్రొత్తవాని లెక్కలోను కూడ వ్రాసేవారు. షిఫ్టు మారిన ఒకే రోజును ఇద్దరి మస్టరులోను వేసినట్లన్నమాట. ఒక్కొక్కరికి ఒకటి తీసివేయండి. సరిగ్గా 12 మిగులుతుంది. వ్రాసినవారి పద్ధతి తెలిసిన తరువాత చిక్కు విడిపోయింది.

3. విజ్ఞానశాస్త్రపు గడియారం

హిజ్కియా సొరంగము త్రవ్వించి పట్టణములోనికి నీళ్లు రప్పించెనని 2 రాజులు 20:20 చెబుతుంది. ఆ సొరంగపు గచ్చులోని మొక్కల ముక్కలను కార్బన్ పద్ధతిలో, అందులో పేరుకున్న సున్నపు నిక్షేపాలను యురేనియం–థోరియం పద్ధతిలో పరీక్షించి, అది క్రీ.పూ. 700 ప్రాంతపుదని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనము "హల్లెలూయ" అన్నాము. మంచిదే! అయితే బొగ్గు పొరల కాలాన్ని తెలిపే కొలతలకూ ఆధారం ఆ సూత్రమే, అనగా అణువులు నిలకడైన వేగంతో క్షీణించడం. కార్బన్ గడియారం సుమారు 50 వేల సంవత్సరాలకు మించి పనిచేయదు. అంతకంటె పాత శిలలకు యురేనియం గడియారం వాడతారు. మనకు అనుకూలమైనప్పుడు గడియారం మంచిదని, కానప్పుడు చెడిపోయిందని చెప్పడం యథార్థవంతులకు తగునా?

"బొగ్గంతా నోవహు జలప్రళయంలో ఏర్పడింది" అని మరికొందరంటారు. మన గోదావరి లోయనే చూడండి. బొగ్గు పొరలకు అడుగున హిమానీనదాలు మోసుకొచ్చిన గుండ్రాళ్లున్నాయి. వాటి పైన, మధ్య మధ్య ఇసుకరాయితో, ఒకదాని మీద ఒకటిగా అనేక బొగ్గు పొరలు. బొగ్గును ఆనుకొన్న రాతి పలకల మీద గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు కనబడతాయి. రాక్షసబల్లుల ఎముకలు ఆ బొగ్గులో లేవు, ఇంకా పైనున్న కోటా శిలలలో ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. మంచు, అడవులు, ఆ తరువాత రాక్షసబల్లులు – ఇంత క్రమం ఒక్క సంవత్సరపు వరదలో ఏర్పడదు.

4. మనము ఏమి నమ్మాలి?

ఆదికాండము మొదటి అధ్యాయపు దినములను కొందరు దీర్ఘయుగాలంటారు, మరికొందరు సృష్టిని బోధించే క్రమమంటారు, ఇంకా కొందరు 24 గంటల దినములే అంటారు. సూర్యుడు నాలుగవ దినమున గాని కనబడడు గనుక మొదటి మూడు దినములు ఎటువంటివని అగస్టీను భక్తుడు 1600 సంవత్సరాల క్రిందటే ప్రశ్నించాడు. అప్పటికి డార్విను లేడు. దేవుని దృష్టికి వేయి సంవత్సరములు గడిచిన దినమువంటివని 90వ కీర్తన మనకు నేర్పుతుంది.

అన్ని చిక్కులూ విడిపోలేదు. నిర్గమము క్రీ.పూ. 15వ శతాబ్దమా, 13వ శతాబ్దమా అని భక్తిగల పండితులే ఇంకా చర్చిస్తున్నారు. తొందరపడి తీర్పు చెప్పవద్దు.

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డ అడిగితే గద్దించకండి. రాళ్లను చేసినవాడును, వాక్యమిచ్చినవాడును ఒక్కడే అని చెప్పండి. మన విశ్వాసం క్రీ.పూ. 4004 మీద కాదు, పొంతి పిలాతు కాలమున సిలువ వేయబడి మూడవ దినమున లేచిన క్రీస్తు మీద కట్టబడింది. ఆయన యందు స్థిరులై, సత్యమునకు భయపడక అన్వేషించుటకు ప్రభువు మీకు సహాయము చేయునుగాక. ఆమేన్.