యాసిడ్ డ్రమ్ముకు ఓడలో చోటెక్కడ?
ఎడం పాటించని సరుకుతో వర్తకునికే చిక్కు

యాసిడ్‌కో, కాస్టిక్ సోడాకో బేరం కుదిరినపుడు వర్తకుడు చూసుకొనేవి సాధారణంగా మూడు: ధర, ఫ్రైటు, చెల్లింపు గడువు. సరుకును ఓడలో ఎక్కడ పెడతారన్నది షిప్పింగ్ కంపెనీ వారి పని అని వదిలివేయడం పరిపాటి. అయితే తినివేసే గుణం గల రసాయనాల విషయంలో ఈ నాలుగో అంశమే మొదటి మూడింటినీ తారుమారు చేయగలదు. 2021 మే నెలలో కొలంబో రేవు వెలుపల జరిగినది ఇందుకు నిదర్శనం.

ఆ ఓడ పేరు ఎక్స్‌ప్రెస్ పెర్ల్. సింగపూర్ పతాకం కింద ఆ సంవత్సరమే సర్వీసులోకి వచ్చిన కొత్త ఓడ. అందులో వున్న 1,486 కంటెయినర్లలో 81 ప్రమాదకర సరుకులవి. వీటిలో 25 టన్నుల నైట్రిక్ యాసిడ్ కూడా వుంది. దుబాయిలోని జెబెల్ అలీ రేవులో సరుకు ఎక్కించుకొని వచ్చాక ఒక కంటెయినర్ నుంచి యాసిడ్ కారుతున్నట్లు సిబ్బంది కనిపెట్టారు. దానిని దింపుకోవలసిందని ఖతార్‌లోని హమద్ రేవును, మన గుజరాత్‌లోని హజీరా రేవును అడిగారు. తగిన సదుపాయాలు లేవంటూ రెండు చోట్లా దింపుకోలేదు. కారుతున్న కంటెయినర్‌తోనే ఓడ కొలంబో చేరింది. మే 20న మంటలు లేచాయి. జూన్ 2న లోతు నీటిలోకి లాగుకుపోతుండగా ఓడ వెనుక భాగం సముద్రపు అడుగును తాకింది. ప్లాస్టిక్ గుళికలు శ్రీలంక పడమటి తీరమంతా మేట వేసి, జాలరుల వేట ఆగిపోయింది. 2025 జులైలో శ్రీలంక సుప్రీంకోర్టు 100 కోట్ల డాలర్ల పరిహారానికి ఉత్తర్వు చేసింది.

యాసిడ్‌తో ఏ సంబంధమూ లేని మిగిలిన కంటెయినర్ల యజమానుల సరుకు కూడా దానితోపాటే పోయింది.

ఎనిమిదో తరగతి

ప్రమాదకర సరుకుల ఓడ రవాణాకు అంతర్జాతీయ సముద్ర సంస్థ 1965లో ఒక నియమావళిని ఆమోదించింది. ఓడ వర్గాలలో దీనిని ఐ.ఎం.డి.జి. కోడ్ అంటారు. 2004 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి అయింది. రెండేళ్లకొకసారి సవరణలు వస్తాయి కనుక పాత ప్రతి చూసి బుకింగు చేసేవారు చిక్కుల్లో పడతారు.

ఈ కోడ్‌లో తినివేసే పదార్థాలది 8వ తరగతి. తీవ్రతను బట్టి ఇందులో మూడు ప్యాకింగ్ గ్రూపులు ఉన్నాయి. 3 నిమిషాలలోగా తగిలినా చర్మాన్ని పూర్తి మందం మేర నాశనం చేసేది మొదటి గ్రూపు; 3 నిమిషాలు దాటి గంటలోపు అయితే రెండవది; గంట నుంచి 4 గంటలు అయితే మూడవది. చర్మానికి అంత హాని లేకున్నా, 55 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉక్కును గాని అల్యూమినియంను గాని ఏడాదికి 6.25 మిల్లీమీటర్లకు మించి తినేది కూడా మూడవ గ్రూపులోకే వస్తుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్, నైట్రిక్ యాసిడ్ డెక్కు మీదనే పెట్టాలి. కాస్టిక్ సోడా, ఫాస్ఫారిక్ యాసిడ్ డెక్కు కింద కూడా పెట్టవచ్చు.

ఇక ఎడం సంగతి. కోడ్‌లోని పట్టికలో 1 నుంచి 4 వరకు అంకెలు ఉంటాయి. 1 అంటే అడ్డంగా కనీసం 3 మీటర్ల దూరం. 2 అంటే వేరు హోల్డు. డెక్కు మీదయితే 6 మీటర్లు. 3 అంటే నడుమ ఒక పూర్తి హోల్డు. డెక్కు మీద 12 మీటర్లు. 4 అంటే ఓడ పొడవునా నడుమ ఒక హోల్డు వదలడం, లేదా 24 మీటర్లు. కంటెయినర్ ఓడలలో ఈ లెక్క కంటెయినర్ చోట్లలో ఉంటుంది. 8వ తరగతి సరుకుకూ, నీరు తగిలితే మండే వాయువు విడిచే సరుకుకూ నడుమ 1. ఆక్సిజన్ విడిచి మంటను పెంచే రసాయనాలకు 2. తీవ్రమైన పేలుడు పదార్థాలకు 4.

వర్తకులు తరచూ పొరబడేది మరొకచోట. 8వ తరగతికీ 8వ తరగతికీ నడుమ పట్టికలో అంకె ఏమీ లేదు. కనుక యాసిడ్‌నూ కాస్టిక్‌నూ ఒకే కంటెయినర్‌లో వేస్తే ఫ్రైటు కలిసివస్తుంది కదా అని లెక్క వేస్తారు. అక్కడే దెబ్బ తగులుతుంది. పట్టికకు తోడు ఆమ్లాలు, క్షారాలు, సయనైడ్లు, హైపోక్లోరైట్లు వగైరా గ్రూపులు విడిగా ఉన్నాయి. బ్లీచింగ్ ద్రావణమూ, హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండూ 8వ తరగతివే. కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. ఎలక్ట్రోప్లేటింగ్ వారు తెప్పించుకొనే సయనైడు మీద యాసిడ్ పడితే వచ్చే వాయువు గురించి చెప్పనక్కరలేదు. చిన్న మోతాదులకు ఒక వెసులుబాటు మాత్రం ఉంది. రెండు, మూడు గ్రూపుల 8వ తరగతి సరుకులు ఒకదానితో ఒకటి ప్రమాదకరంగా కలియనివయితే, ప్యాకేజీకి 30 లీటర్లు లేదా 30 కిలోలు మించకుంటే, ఆ సంగతి పత్రాలలో రాస్తే ఒకే కంటెయినర్‌లో పంపవచ్చు.

నీటితో పేచీ

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ మామూలు ఉక్కు ట్యాంకులలో నిలకడగా ఉంటుంది. అదే యాసిడ్‌లో నీరు చేరి పలచబడితే ఉక్కును తినడం మొదలు పెట్టి, మండే హైడ్రోజన్‌ను వదులుతుంది. ఘాటు తగ్గితే ప్రమాదం తగ్గుతుందన్న మామూలు తర్కం ఇక్కడ పనికిరాదు. విశాఖ, కాకినాడ రేవులకు ఎరువుల కర్మాగారాల కోసం ట్యాంకరు ఓడలలో విడిగా వచ్చే యాసిడ్లకు వేరే కోడ్ ఉంది గాని, నీటితో ఈ పేచీ వాటికీ తప్పదు. కొవ్వూరు, సగ్గొండ, కర్నూలులలో తయారయ్యే కాస్టిక్ సోడా తేమ పీల్చుకొని కరుగుతుంది, వేడెక్కుతుంది. అల్యూమినియం తగిలితే అదీ హైడ్రోజన్ పుట్టిస్తుంది. నైట్రిక్ యాసిడ్‌కు చెక్కపొట్టు, గడ్డి పడవు. సీసాల చుట్టూ గడ్డి కుక్కడం ఒకప్పటి అలవాటు. నైట్రిక్ యాసిడ్ విషయంలో అది నిప్పును పక్కన పెట్టుకోవడమే.

డ్రమ్ముల మీద కక్కుర్తి పడేవారు గమనించవలసిన సంగతి ఒకటి. ప్లాస్టిక్ డ్రమ్ములకు, జెర్రీక్యాన్లకు తయారయిన నాటి నుంచి సాధారణంగా 5 ఏళ్లే ఆయుష్షు. 55 శాతం మించిన నైట్రిక్ యాసిడ్ పోస్తే 2 ఏళ్లే. డ్రమ్ము మీద అచ్చు వేసిన నెల, సంవత్సరం చూడకుండా బజారులో పాత డ్రమ్ములు కొని నింపితే, ఎగుమతిదారు మిగుల్చుకొనేది వందలలో. కారితే పోయేది లెక్కకందదు. పక్కనే ఉండే ఎక్స్, వై, జెడ్ అక్షరాలు కూడా చూడాలి. ఎక్స్ మూడు గ్రూపులకూ చెల్లుతుంది. వై రెండు, మూడు గ్రూపులకు. జెడ్ మూడవదానికి మాత్రమే.

మిరప, బియ్యం, పసుపు పంపేవారికీ ఇందులో జోక్యం ఉంది. ఆహార పదార్థాలతో ఒకే కంటెయినర్‌లో మొదటి గ్రూపు యాసిడ్లు అసలు కూడవు. రెండు, మూడు గ్రూపుల సరుకయితే 3 మీటర్ల ఎడం ఉండాలి. 20 అడుగుల కంటెయినర్ లోపలి పొడవు 6 మీటర్ల లోపే కనుక ఈ వెసులుబాటు వాడుకోవడం ఎంత గిట్టుబాటో ఎవరికి వారే కొలుచుకోవచ్చు.

ఎవరి మీద పడుతుంది?

ఓడ కంపెనీకి తెలియకుండా ప్రమాదకర సరుకు ఎక్కిస్తే, కెప్టెన్ దానిని ఎక్కడైనా దింపవచ్చు, నాశనం చేయవచ్చు, పరిహారం ఇవ్వనక్కరలేదు. పైగా దానివల్ల కలిగిన నష్టానికి, ఖర్చులకు సరుకు ఎక్కించినవారే బాధ్యులు. 1925 నాటి సముద్ర రవాణా చట్టం చెప్పింది ఇదే. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసినా ఈ సూత్రం మారలేదు. తప్పుడు ప్రకటనపై 2019లో ఒక పెద్ద జర్మన్ ఓడ కంపెనీ కంటెయినర్‌కు 15,000 డాలర్ల జరిమానా ప్రకటించింది.

"కెమికల్స్" అనో, "క్లీనింగ్ సామగ్రి" అనో క్లియరింగ్ ఏజెంటుకు ఒక్క మాట రాసి పంపడం కొందరికి అలవాటు. డిక్లరేషన్‌లో సరుకు సరైన రవాణా పేరు, ఐక్యరాజ్య సమితి సంఖ్య, తరగతి, ప్యాకింగ్ గ్రూపు ఉండాలి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 1830, కాస్టిక్ సోడా ఫ్లేక్స్‌కు 1823, కాస్టిక్ ద్రావణానికి 1824, హైడ్రోక్లోరిక్‌కు 1789, నైట్రిక్‌కు 2031, ఫాస్ఫారిక్ ద్రావణానికి 1805. కంటెయినర్ నింపినవారి సంతకంతో ప్యాకింగ్ సర్టిఫికెట్ వేరుగా జతపరచాలి. ఎఫ్.ఓ.బి. బేరంలో ఈ పత్రాల ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులోనే రాసుకొంటే, బుకింగు నాడు అమ్మకందారుకు, కొనుగోలుదారుకు నడుమ పేచీ రాదు.