చక్రాల మీద సహోదరత్వం

సౌలు రాజుకు భయపడి పారిపోయిన దావీదు అదుల్లాము గుహలో తలదాచుకున్నప్పుడు అతని దగ్గరకు వచ్చి చేరినవాళ్లు ఎవరు? యాజకులు కారు, ఊరి పెద్దలూ కారు. అప్పులపాలైనవాళ్లు, కష్టాల్లో కూరుకుపోయినవాళ్లు, మనసు విరిగినవాళ్లు. దాదాపు 400 మంది. ఆనాటి ప్రభుత్వం లెక్కలో వాళ్లంతా ఒక దొంగల ముఠా. దావీదు వాళ్లకు నాయకుడయ్యాడు. సండే స్కూల్లో గొల్యాతు కథ చెప్పినంత ఉత్సాహంగా మనం ఈ గుహ కథ చెప్పం. కానీ యౌవనస్థులు ఎందుకు ముఠాలు కడతారో తెలియాలంటే ఈ కథ దగ్గరకే రావాలి.

అలాంటి గుహ ఒకటి గత శతాబ్దంలో అమెరికాలో చక్రాల మీదికెక్కింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇళ్లకు చేరిన సైనికులు చాలామందికి ఇంట్లో కాలు నిలవలేదు. యుద్ధంలో పక్కనే నిలబడి ప్రాణం కాపాడిన తోటివాడు ఇక్కడ లేడు. ఆ ప్రమాదమూ లేదు, ఆ ఆప్యాయతా లేదు. మోటార్‌సైకిళ్లు కొన్నారు, గుంపులు కట్టారు. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అనే చిన్న పట్టణంలో బైకు పందేలకు వచ్చిన జనం తాగి అల్లరి చేశారు. నూటికి 99 మంది బైకర్లు మర్యాదస్తులేనని అప్పుడు మోటార్‌సైకిల్ సంఘం ప్రకటించిందని ఒక ప్రచారం పుట్టింది. తాము అలా అన్నట్టు రికార్డులే లేవని తర్వాత ఆ సంఘమే చెప్పింది. అయినా కొన్ని క్లబ్బులవాళ్లు ‘ఆ మిగిలిన ఒక్క శాతం మేమే’ అని జాకెట్ మీద బిళ్ల కుట్టించుకున్నారు. మరుసటి ఏడాది, 1948లో, హెల్స్ ఏంజెల్స్ పుట్టింది. నరకదూతలు అని ఆ పేరుకు అర్థం.

ఈ క్లబ్బుల్లో చేరడం అంత తేలిక కాదు. మొదట కొంతకాలం ఊరికే చుట్టూ తిరగాలి. ఆ తర్వాత ఉమేదువారుగా తీసుకుంటారు. అప్పుడు పెద్దవాళ్ల బళ్లకు కాపలా కాయాలి, చెప్పిన పనల్లా చేయాలి, అర్ధరాత్రి పిలిచినా పరుగెత్తాలి. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక సభ్యులంతా ఓటు వేసి ఒప్పుకుంటేనే వీపు మీద క్లబ్ గుర్తు కుట్టుకోనిస్తారు. బాప్తిస్మానికి ముందు నాలుగు ఆదివారాలు పాఠం చెబుతామంటే ‘అంత అవసరమా’ అని అడిగే సంఘాలు మనవి. వాళ్లు మాత్రం ఒక బట్టముక్క కోసం అంత ఓర్చుకుంటారు.

ఎందుకంటే వాళ్లకు దొరికేది ఒట్టి బట్టముక్క కాదు. జబ్బు చేస్తే చూడటానికి వచ్చేవాళ్లు, జైలుకు వెళితే ఇంటికి డబ్బు పంపేవాళ్లు, చనిపోతే సమాధి దాకా వందల బళ్లతో వెంట నడిచేవాళ్లు. ఒకరినొకరు ‘బ్రదర్’ అనే పిలుచుకుంటారు. ఆ ప్రేమ అబద్ధం అనేయడం మాకు ఇష్టం లేదు. అది నిజమైన ప్రేమే. ప్రమాదం కూడా అందులోనే ఉంది. అబద్ధమైతే ఎవరూ దాని కోసం చంపరు, చావరు.

1984 సెప్టెంబరు 2న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో, మిల్‌పెరా అనే చోట, ఒక మద్యశాల ఆవరణలో రెండు క్లబ్బులు తుపాకులతో తలపడ్డాయి. ఏడుగురు చనిపోయారు. వారిలో ఆరుగురు బైకర్లు, ఏడో ప్రాణం 14 ఏళ్ల బాలికది. ఆమెకు ఏ క్లబ్బుతోనూ సంబంధం లేదు. ఆ రోజు అక్కడ తండ్రుల దినం. కొట్టుకున్నది ఎవరనుకున్నారు? కొమాంచెరోస్, బాండిడోస్. అంతకుముందు ఒకే గొడుగు కింద ‘బ్రదర్’ అని పిలుచుకున్నవాళ్లే. చీలి వెళ్లినవాళ్ల మీద ఉండే కోపం పరాయివాళ్ల మీద ఉండదు. సంఘాలు చీలినప్పుడు మనమూ ఈ సంగతి చూస్తూనే ఉన్నాం, తుపాకులు లేవు కనుక సరిపోయింది.

కెనడాలోని క్యూబెక్‌లో 1994 నుంచి 2002 వరకు మాదకద్రవ్యాల వ్యాపారం కోసం హెల్స్ ఏంజెల్స్‌కూ, రాక్ మెషీన్ అనే ముఠాకూ జరిగిన యుద్ధంలో 160 మందికి పైగా చనిపోయారు. 1995 ఆగస్టులో మాంట్రియల్ వీధిలో ఒక జీపులో పెట్టిన బాంబు పేలి, దారిన ఉన్న 11 ఏళ్ల బాలుడు బలయ్యాడు. ఆ తల్లి ఊరుకోలేదు, చట్టం కావాలని పోరాడింది. 1997లో కెనడా ముఠాల నిరోధక చట్టం తెచ్చింది. అదే ఏడాది ఆ క్లబ్ నాయకుడు మోరిస్ బూషే ఇద్దరు జైలు ఉద్యోగులను చంపించాడు. అంత నేరంలో చెయ్యి పెట్టినవాడికి పోలీసులు క్షమాభిక్ష ఇవ్వరు కనుక, తనవాళ్లెవరూ ఇక సాక్షులుగా మారలేరని అతని లెక్క. ఆ లెక్క తప్పింది. హత్య చేసినవాళ్లలో ఒకడే సాక్ష్యం చెప్పాడు. 2002లో బూషేకు యావజ్జీవ శిక్ష పడింది, 2022లో ఖైదీగానే చనిపోయాడు. తమ్ముళ్లు అని పిలిచినవాళ్ల చేతులకు కావాలని రక్తం అంటించిన అన్న ఆయన.

ఇక ఆడవాళ్ల మాట. ఈ క్లబ్బుల్లో స్త్రీకి సభ్యత్వం లేదు. భార్య అయినా, ప్రియురాలైనా బండి వెనక సీటే ఆమె స్థానం. కొందరి జాకెట్ల మీద ‘ఫలానావాడి సొత్తు’ అని రాసి ఉండేది. అది రక్షణ అని ఆ స్త్రీలలో కొందరు గర్వంగానే తొడుక్కున్నారు. బయటివాడు చెయ్యి వేయకుండా అది కాపాడేదేమో గానీ, లోపలివాడి నుంచి ఎవరు కాపాడతారు?

ఇప్పుడు దావీదు దగ్గరకు వద్దాం. ఒక రోజు అతనికి దాహం వేసింది. బేత్లెహేము గుమ్మం దగ్గరి బావి నీళ్లు ఎవరైనా తెచ్చిస్తే బాగుండునని పైకే అన్నాడు. అది ఆజ్ఞ కాదు, ఇంటి మీద బెంగతో అన్న మాట. ముగ్గురు విన్నారు. ఫిలిష్తీయుల దండును చీల్చుకుని వెళ్లి నీళ్లు తోడి తెచ్చారు. దావీదు తాగలేదు. ప్రాణాలకు తెగించి తెచ్చిన ఆ నీళ్లు వాళ్ల రక్తంతో సమానమని చెప్పి, దేవుని ఎదుట నేల మీద పారబోశాడు. మోరిస్ బూషే అయితే తాగేవాడు. ఇంకో కుండ తెమ్మని పంపేవాడు కూడా.

మా అత్తిలిలో ఇలాంటి క్లబ్బులు లేవు. తణుకు వైపో, తాడేపల్లిగూడెం వైపో సాయంత్రం పూట సైలెన్సర్ తీసేసిన బండి మీద ముగ్గురేసి పోయే కుర్రాళ్లు ముఠావాళ్లు కారు. మన పిల్లలే. వారిలో కొందరి తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో పరాయివాళ్ల ఇళ్లలో వండి, తుడిచి, పంపిన డబ్బే ఆ బండి. పక్కన లేకపోయిన ఏళ్లన్నిటికీ బదులుగా ఒక తల్లి ఇచ్చిన బహుమానం అది. దాన్ని తప్పుపట్టే నోరు మాకు లేదు. అయితే 18 ఏళ్లు నిండని పిల్లవాడు ఆ బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా అని 2019 నాటి సవరణ చట్టం చెబుతోంది. బండి కొనిచ్చే ముందు అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఈ సంగతి తెలిసి ఉండాలి. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా? ఇరవై ఏళ్లు దాటని పిల్లల భూస్థాపన ఆరాధనలు నడిపించడం ఏ పాస్టరుకూ అలవాటు కాదు.

ఈ పిల్లలకు కావలసింది బండి ఒక్కటే కాదు, వెనక వచ్చే రెండు బళ్లు కూడా. 1960ల మొదట్లో లండన్‌లో ఆ సంగతి ఒక సంఘ కాపరికి అర్థమైంది. ఆయన పేరు బిల్ షెర్గోల్డ్. తోలు జాకెట్ల కుర్రాళ్లు చేరే ఏస్ కేఫ్ అంటే అప్పట్లో మర్యాదస్తులకు భయం. ఆయనా భయపడ్డారు. మొదటిసారి తన పాదిరి కాలర్ కనపడకుండా మఫ్లర్ చుట్టుకుని బండి మీద వెళ్లి, ఆ కేఫ్ దగ్గరకు రాగానే ధైర్యం చాలక వేగం పెంచి ముందుకు దాటిపోయారు. మళ్లీ వెళ్లారు. కొట్టి పంపుతారనుకుంటే కూర్చోబెట్టి మాట్లాడారు. బైకర్ల కోసం ప్రత్యేక ఆరాధన ఉందని కరపత్రాలు పంచి వచ్చారు. 1962లో ఆయన ఆధ్వర్యంలో ‘59 క్లబ్’లో బైకర్ల విభాగం మొదలైంది. బళ్లను గుడి లోపలికే తెచ్చి ప్రార్థన చేయించుకున్నారు. కొన్నేళ్లకే అది ప్రపంచంలోని పెద్ద మోటార్‌సైకిల్ క్లబ్బుల్లో ఒకటయింది. అమెరికాలో హెర్బ్ ష్రీవ్ అనే పాస్టరు దారి తప్పుతున్న సొంత కొడుకుతో మాట కలపడానికి బైకు కొన్నారు. క్రైస్తవ బైకర్ల సంఘం 1975లో ఆయన చేతుల మీదుగానే మొదలైంది.

ఈ మధ్య మా సంఘ పెద్దల కూటమిలో షెర్గోల్డ్ గారి సంగతి చెప్పాం. అందరూ మౌనంగా విన్నారు. కాసేపటికి ఒక పెద్దాయన అడిగారు: “బాగానే ఉంది అయ్యగారూ, బళ్లు గుళ్లోకి తెస్తే ఆ ఆయిల్ మరకలు ఎవరు తుడుస్తారు?”

ముందు మనం తుడుద్దాం, తర్వాత వాళ్లే తుడుచుకుంటారు అన్నాం. ఆ కూటమి మినిట్స్ పుస్తకంలో ఈ విషయం ‘వచ్చే నెలకు వాయిదా’ అని రాసి ఉంది.